పంపు కోసం ఉపవాసం

నేను ఉద్యోగంలో రాసినన్ని ఉత్తరాలు ప్రేమలో పడ్డ ఏ పిల్లా రాసి ఉండదు. కాకపోతే నావన్నీ ఇన్సూరెన్సు కంపెనీలకి. అమెరికాలో పందొమ్మిదేళ్ళు షామ్‌బర్గ్‌లో ఒక షుగరు డాక్టరు గారి క్లినిక్‌లో బిల్లింగ్ డెస్క్ దగ్గర కూర్చున్నాను. ఈ మధ్యనే రిటైరయ్యాను. నా కుర్చీలో ఇప్పుడు మన తెలుగమ్మాయే కూర్చుంటోంది. మొన్న ఫోన్ చేసి, "ఆంటీ, ఈ డినయల్ లెటర్లు చదువుతుంటే ఏడుపొచ్చేస్తోంది. ఇన్నేళ్ళు ఎలా చేశారసలు?" అంది. ఇన్సూరెన్సు వాళ్ళు 'ఇవ్వం' అని రాసే ఉత్తరాలవి. ఏడవకు, కోపం తెచ్చుకో అన్నాను. ఏడిస్తే కళ్ళు మసకలు కమ్మి పేజీలు కనబడవు. పేజీ సరిగ్గా చదవకపోతే ఏమవుతుందో ఆ పిల్లకి ఫోన్లో చెప్పలేకపోయాను. అందుకే ఇది రాస్తున్నాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చే మిగతా పిల్లలు కూడా చదువుకుంటారు.

మా పని ఇదీ. డాక్టరు గారు ఖరీదైన మందో పరికరమో రాస్తే, అది పేషెంటు చేతికి వచ్చేముందు ఇన్సూరెన్సు వాళ్ళు సరేననాలి. వాళ్ళ చేత సరేననిపించడం నా ఉద్యోగం. రిపోర్టులన్నీ పోగుచేసి, పైన ఒక కవరు పేజీ పెట్టి, ఫాక్స్ చెయ్యడం. అవును, ఫాక్సే. చంద్రుడి మీదికి మనుషుల్ని పంపిన దేశంలో షుగరు రోగి ప్రాణం ఇంకా ఫాక్సు మిషన్లోంచే వెళ్ళి రావాలి. మా మేనేజరు పోలండ్ నుంచి చిన్నప్పుడే వచ్చేసిన పెద్దావిడ. నేను చేరిన రోజునే ఒక సూత్రం చెప్పింది: "చార్ట్‌లో లేనిది జరగలేదు. చార్ట్‌లో ఉన్నదే జరిగింది." చార్ట్ అంటే పేషెంటు రికార్డు. మొదటి సగం నాకు తొందరగానే ఒంటబట్టింది. రెండో సగంలో ఎంత విషముందో తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది.

మా తెలుగు చర్చిలో పాటల గుంపులో పాడే ఒకమ్మాయి మా క్లినిక్‌లోనే పేషెంటు. ముప్పై ఆరేళ్ళుంటాయి, కాకినాడ వైపు పిల్ల, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పన్నెండో ఏటే టైప్ వన్ షుగరు వచ్చింది. అంటే ఒంట్లో ఇన్సులిన్ పుట్టదు, రోజుకి నాలుగైదు సూదులు పొడుచుకోవాలి. భర్తకి ప్రాజెక్టు వేరే రాష్ట్రంలో, అల్ఫారెట్టాలో. సోమవారం పొద్దున్నే విమానం ఎక్కితే గురువారం రాత్రికి దిగేవాడు. ఆ మధ్య రోజుల్లో ఇంట్లో తల్లీ, ఎనిమిదేళ్ళ కూతురూ ఇద్దరే. తల్లీ నన్ను ఆంటీ అనే పిలిచేది, కూతురూ ఆంటీ అనే పిలిచేది. మన వరసలు ఇక్కడికొచ్చి అలా తగలడ్డాయి.

ఆ కూతురు తల్లి పక్కనుంచి కదిలేది కాదు. చర్చిలో పిల్లలందరూ పెద్దవాళ్ళు కబుర్లు చెప్పుకునేటప్పుడు బేస్‌మెంట్‌లోకి పరిగెత్తితే, ఇది తల్లి కుర్చీకి ఆనుకుని నిలబడేది, భుజాన ఒక గులాబీ రంగు బ్యాగు. సండే స్కూలు పిల్లలకి ఏడాదికి రెండుసార్లు ఎవరో ఒకరింట్లో స్లీప్‌ఓవర్ పెట్టేవాళ్ళం. పిజ్జాలు, సినిమా, అందరూ హాల్లో వరసగా పడుకోవడం. ఒకసారి మా ఇంట్లోనే పెట్టాను. ఇది రానంటే రానంది. "స్లీపింగ్ బ్యాగ్ కొన్నానాంటీ, ట్యాగ్ కూడా తియ్యలేదు," అని తల్లే సిగ్గుపడుతూ చెప్పింది. "ఒట్టి అమ్మకూచివే నువ్వు," అని పిల్ల బుగ్గ గిల్లాను. నవ్వలేదు. ఎనిమిదేళ్ళకే ఇంత పెడసరమేమిటి అని ఇంటికొచ్చి మా ఆయనతో అన్నాను కూడా.

అసలు సంగతి తల్లి ఒంట్లో ఉంది. షుగరు పడిపోయినప్పుడు మామూలుగా చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి. మనిషికి తెలుస్తుంది, ఇంత పంచదార నోట్లో వేసుకుంటుంది. చాలా ఏళ్ళు ఇన్సులిన్ వాడిన కొందరికి ఆ గుర్తులు పోతాయి. ఈ అమ్మాయికి పోయాయి. మాట్లాడుతూ మాట్లాడుతూ ఉండగానే పడిపోతుంది, తనకి తెలియదు. షుగరు కొలవడానికి చేతికి అంటించిన సెన్సరు ఫోన్లో కీచుమంటుంది. మీటింగులో ఉన్నా కునుకుపట్టినా అది వినబడదు. మా డాక్టరు గారు చూసి, "ఇక సూదులు చాలు," అని కొత్తరకం ఇన్సులిన్ పంపు రాశారు. నడుముకి పెట్టుకునే చిన్న మిషను, ఇన్సులిన్ తనే ఒంట్లోకి ఎక్కిస్తుంది. సెన్సరు చెప్పే అంకెని పంపే చదువుకుంటుంది. షుగరు దిగుతోందనిపిస్తే ఇన్సులిన్ తనంతట తనే తగ్గించేస్తుంది, ఆపేస్తుంది. మనిషికి తెలియకపోయినా మిషనుకి తెలుస్తుంది. ఇలాంటి మనిషికి దాన్ని మించిన కాపలా లేదు.

జనవరిలో మొదటి ఫాక్స్ పంపాను. ముప్పై రోజుల సెన్సరు అంకెలు, డాక్టరు గారి నోట్లు, అన్నీ కలిపి ఇరవై చిల్లర పేజీలు. వారం ఆగి ఫోన్ చేస్తే "మాకు అందలేదు" అన్నారు. అందినట్టు నా దగ్గర రసీదు ఉంది. రసీదు చదివి వినిపించాను. "మా సిస్టమ్‌లో కనబడటం లేదు మేడమ్, మళ్ళీ పంపండి." మళ్ళీ పంపాను. ఈసారి అందింది, కానీ రెండు పేజీలు మసగ్గా ఉన్నాయట. మూడోసారి పంపాను. అప్పుడేమన్నారో తెలుసా? అంకెలు ముప్పై రోజులకన్నా పాతబడ్డాయి, తాజావి పంపండి అన్నారు! వాటిని పాతబెట్టింది ఎవరు? అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు అని మనవాళ్ళు అన్నది వీళ్ళని చూసే అని నా నమ్మకం.

నేను చర్చిలో క్లినిక్ మాటలు ఎత్తను. అది నా నియమం. కానీ ఫిబ్రవరిలో ఒక ఆదివారం ఆ అమ్మాయే లేచి నిలబడి ప్రార్థన మనవి చెప్పింది. ఇన్సూరెన్సు పంపు ఇవ్వడం లేదు, ప్రార్థించండి అని. అందరికీ జాలేసింది. అప్పుడే ఈస్టరుకి ముందు నలభై రోజుల శ్రమకాలం మొదలైంది. స్త్రీల కూడికకి నేనే పెద్దని కాబట్టి నేనే లేచి అన్నాను: ఈ నలభై రోజుల్లో వచ్చే శుక్రవారాలన్నీ ఈ పంపు కోసమే ఉపవాసం ఉందాం. పొద్దుటినుంచి ఏమీ ముట్టకుండా, మూడింటికి అందరం కాన్ఫరెన్స్ కాల్‌లో ప్రార్థన చేసుకుని, అప్పుడు తిందాం. పన్నెండు మంది చేతులెత్తారు.

కార్ల దగ్గరికి వెళ్తుంటే ఆ అమ్మాయి నా పక్కకొచ్చి మెల్లగా అడిగింది. "ఆంటీ, నేను కూడా ఉండాలాండీ? షుగర్ డౌన్ అయిపోద్దేమో."

"నీ కోసం ఇంతమందీ పస్తుంటే నువ్వు తింటా కూర్చుంటావా?" అన్నాను నవ్వుతూ. "మూడింటిదాకేగా. ఇన్సులిన్ కాస్త తగ్గించుకో, సరిపోతది."

ఆ మాట అన్నది ఎవరు? షుగరు క్లినిక్‌లో అన్నేళ్ళు కూర్చున్న మనిషి. బిల్లులు రాసే నోటితో ఇన్సులిన్ మోతాదు చెప్పాను. ఇన్సూరెన్సు వాళ్ళ మీద నాకు ఎంత కోపమో చదువుతూ పోతే మీకే తెలుస్తుంది. కానీ ఈ మాట ముందు ఒప్పుకుని తర్వాత వాళ్ళని తిట్టడం న్యాయమనిపించింది.

ఆ అమ్మాయి నాలుగు శుక్రవారాలు ఉపవాసం ఉంది. తర్వాత తాజా అంకెల కోసం క్లినిక్‌కి వచ్చింది. మా నర్సు అంకెలు చూసి, ఒక శుక్రవారం మధ్యాహ్నం షుగరెందుకు పడిందని అడిగితే, ఈ అమ్మాయి దాచకుండా చెప్పింది. నర్సు టైపు చేసింది: పేషెంటు మతపరమైన ఉపవాసం పాటిస్తోంది. అంతే, ఒక్క వాక్యం. ఏ రోజులు, ఎన్ని రోజులు, ఏదీ లేదు.

ఫాక్సు పంపేముందు ఆ వాక్యం నేను చూశాను. చూడలేదని అబద్ధమాడను. చూసి ఏమనుకున్నానో చెప్తే మీరు నవ్వుతారు. మురిసిపోయాను. మా చర్చి పిల్ల భక్తి ఈ దేశం కంప్యూటర్లోకి కూడా ఎక్కిందే అనుకున్నాను. ఉపవాస ప్రార్థన సాక్షాత్తూ ఆ కాగితాల్లోనే వెళ్తోంది, ఇక ఎవరు ఆపుతారు అనుకున్నాను. ఇన్సూరెన్సు వాడి కళ్ళతో ఆ పేజీ చదవాల్సిన మనిషిని, మా పాస్టరమ్మ గారి కళ్ళతో చదివాను. బటన్ నొక్కేశాను.

పదో రోజున ఉత్తరం వచ్చింది. 'రోగి స్వచ్ఛందంగా ఆహారం మానడం వల్ల షుగరు పడిపోతోంది. పరికరం వైద్యపరంగా అవసరమని రుజువు కాలేదు. ఆహార నియమాలపై సలహా ఇప్పించవలసింది.' మా మేనేజరు ఆ ఉత్తరం నా బల్ల మీద పెట్టి, 'ఆహారం మానడం' అన్న మాట మీద వేలు పెట్టి చూపించింది. మేం ఆ పంపు కోసం పస్తులున్నాం. ఆ పస్తులే అడ్డం పెట్టి వాళ్ళు పంపు లేదన్నారు. గోరుచుట్టు మీద రోకటి పోటంటే ఇదే.

అంకెలు తీసి కూర్చున్నాను. ముప్పై రోజుల్లో పదకొండుసార్లు షుగరు ప్రమాదంగా పడింది. అందులో శుక్రవారం పడినవి రెండంటే రెండు. మిగతా తొమ్మిదీ ఆ అమ్మాయి శుభ్రంగా అన్నం తిన్న రోజులు. పైగా జనవరిలో పంపిన అంకెల్లోనూ ఇలాగే ఉంది. అప్పుడు ఏ ఉపవాసమూ లేదు. అంకెలు వాళ్ళ చేతిలోనే ఉన్నాయి, ఎవరూ తేదీలు లెక్కపెట్టలేదు. ఒక్క వాక్యం దొరికింది, దాని మీద సంతకం పెట్టేశారు.

ఇలాంటప్పుడు మా డాక్టరు, వాళ్ళ డాక్టరు ఫోన్లో మాట్లాడుకునే అవకాశం ఒకటి ఉంటుంది. వాళ్ళు పన్నెండుకీ రెండుకీ మధ్య ఎప్పుడైనా చేస్తామంటారు, మనం కాచుకుని ఉండాలి. మా డాక్టరు గారికి అప్పటికే డెబ్బై దాటాయి, గొంతు పెంచి ఎరగరు. శాండ్‌విచ్ విప్పి ముందు పెట్టుకుని, తినకుండా రెండుదాకా కూర్చున్నారు. రెండింటికి ఐదు నిమిషాలుండగా ఫోన్ మోగింది. కాగితాలు అందించడానికి నేను పక్కనే ఉన్నాను. స్పీకర్ ఆన్ చేశారు.

"మీ పేషెంటు ఉపవాసాలు చేస్తోందని మీ నోట్‌లోనే ఉంది కదా డాక్టర్," అన్నాడు అవతలాయన.

"నాలుగు శుక్రవారాలే. పదకొండులో తొమ్మిది మామూలుగా భోజనం చేసిన రోజుల్లో జరిగినవి. తేదీలు మీ ముందే ఉన్నాయి."

"ఏ రోజులో నోట్‌లో లేదు."

"ఇప్పుడు నేను చెప్తున్నాను."

"ఫోన్లో చెప్పింది రికార్డు కిందికి రాదు డాక్టర్."

మా డాక్టరు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అడగొచ్చో లేదో గానీ, మీరు ఏ స్పెషాలిటీ?"

"ఆర్థోపెడిక్స్."

ఎముకల డాక్టరు! నలభై ఏళ్ళు షుగరు వైద్యం చేసినాయన ఒక ఎముకల డాక్టరుకి షుగరు సంగతి విడమర్చి చెప్పి, ఆయన అనుమతి అడుగుతున్నారు. నా ఒళ్ళు మండిపోయింది. అవతలాయన మాత్రం కులాసాగా తర్వాతి ప్రశ్న చదివాడు. "ఆవిడకి ఎప్పుడైనా ఇంకొకరి సాయం కావలసినంత తీవ్రంగా పడిందా? స్పృహ తప్పడం, అంబులెన్సు, ఎమర్జెన్సీ రూము?"

"రికార్డులో లేదు," అన్నారు మా డాక్టరు గారు.

"అదే కదా. అలాంటిదేమైనా జరిగితే మళ్ళీ పంపండి. అప్పుడు మా గైడ్‌లైన్‌కి సరిపోతుంది."

నేనుండబట్టలేక, "అంటే ఆవిడ పడిపోయేదాకా ఆగమంటారా?" అని అరిచాను.

"లైన్‌లో ఇంకెవరైనా ఉన్నారా?" అన్నాడాయన. మా డాక్టరు గారు నావైపు చెయ్యి చూపి ఆగమన్నారు. ఇంకో నిమిషంలో ఫోన్ అయిపోయింది. ఆయన శాండ్‌విచ్ మళ్ళీ కాగితంలో చుట్టి చెత్తబుట్టలో వేశారు.

ఆ సాయంత్రమే ఆ అమ్మాయికి క్లినిక్ నుంచి ఫోన్ చేశాను. ఎప్పుడైనా ఎవరి సాయమైనా కావలసి వచ్చిందా, బాగా గుర్తు తెచ్చుకోమన్నాను.

"లేదాంటీ. ఫామ్‌లో కూడా 'లేదు' అనే రాశాను. ఎవరినీ పిలవలేదెప్పుడూ."

"మరి షుగరు పడినప్పుడు ఏం చేస్తావు?"

"పాప జ్యూస్ ఇస్తాది. ఫోన్ బీప్ దానికే ముందు వినబడుద్దాంటీ. రెండుసార్లు నేను లేవకపోతే నోట్లో పోసేసింది కూడా."

"మరి ఆ సంగతి రాయలేదేం?"

"పాప వేరే మనిషి ఎలా అవుద్దాంటీ? మా పాపే కదా."

ఫామ్ మీద 'ఇంకొకరి సాయం' అని ఉంటే అమెరికావాళ్ళు భర్త గ్లాసుడు నీళ్ళిచ్చినా రాస్తారు. మనకి ఇంట్లోవాళ్ళు ఇంకొకరు కారు. ఆ పిల్ల రెండుసార్లు తల్లి ప్రాణం నిలబెట్టింది. చార్ట్ ప్రకారం అలాంటిదేమీ జరగలేదు.

మర్నాడే ఆ అమ్మాయిని రప్పించి డాక్టరు గారి చేత అంతా రాయించాను. శుక్రవారాలు, తేదీలు, పాప, జ్యూసు, అన్నీ. ఈసారి ప్రతి పేజీ మూడుసార్లు చదివాను. అప్పీలు ఉత్తరం నేనే రాశాను. అందులో మర్యాద ఉంచడానికి మా మేనేజరు నాలుగు మాటలు కొట్టేయాల్సి వచ్చింది. ఆలస్యమైతే ప్రాణం మీదికొస్తుంది, త్వరగా తేల్చమని రాశాం. అత్యవసరమని అనిపించడం లేదు, మామూలు గడువులోనే చూస్తామన్నారు. నెల తిరక్కుండా జవాబు వచ్చింది. పాప సంగతి రోగి తన నోటితో చెప్పుకున్నది మాత్రమే, వైద్య రికార్డుల మద్దతు లేదు, కాబట్టి పాత నిర్ణయమే ఖాయం. తాము పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు.

పోనీ సొంతంగా కొనుక్కోవచ్చు కదా అంటారేమో. పంపు ఒక్కటే కొంటే సరిపోదు, నెలనెలా దానికి కావలసిన సామాను ఉంటుంది. ఇల్లు, కారు, ఇండియాకి పంపేది పోగా ఏ జీతగాడికీ అది సాధ్యం కాదు. అదీగాక జీతంలోంచి ప్రతి నెలా ఇన్సూరెన్సుకి కోసుకుంటున్నది ఎందుకట? ఇక మిగిలింది కంపెనీతో సంబంధంలేని బయటి డాక్టర్ల చేత విచారణ చేయించడం. ఆ ఫారాలు నింపుతున్నాను.

ఏప్రిల్‌లో ఒక బుధవారం పొద్దున మా మేనేజరు చేతిలో ఫాక్సు కాగితాలు ఆడించుకుంటూ దాదాపు పరిగెత్తుకొచ్చింది. ఆ వయసులో ఆవిడ పరిగెత్తడం నేనెప్పుడూ చూడలేదు. "వచ్చింది! నీ పంపు అమ్మాయిది. నిన్న సాయంత్రం ఎమర్జెన్సీ రూము. కారు నడుపుతుండగా షుగరు ముప్పై నాలుగు. స్పృహ లేదు. అంబులెన్సు. లాబ్ నంబరు, పోలీసు రిపోర్టు, అన్నీ ఉన్నాయి. మనిషికి ప్రాణాపాయం లేదు. ఇక వాళ్ళు ఏ వంకా పెట్టలేరు!"

అని అరచెయ్యి పైకెత్తింది. నేను లేచి ఆ చేతిని గట్టిగా చరిచాను.

నిజం చెప్తున్నాను, ఆ క్షణంలో నాకు కలిగింది సంతోషమే. కేసు గెలిచాం అనుకున్నాను. గుమ్మంలో మా నర్సు నిలబడి ఉంది. ఉపవాసం గురించి ఆ ఒక్క వాక్యం రాసిన దగ్గరనుంచి ఆ నర్సుపిల్ల సరిగ్గా నిద్రపోవడం లేదని మా అందరికీ తెలుసు. మా ఇద్దరి చేతులవైపూ చూసి, "నాలుగో పేజీ చదివారా?" అంది.

చదవలేదు. మళ్ళీ చదవలేదు.

నాలుగో పేజీలో కూతురు ఉంది. ఈత క్లాసు నుంచి తీసుకొస్తుంటే, లైబ్రరీ దగ్గర కారు పేవ్‌మెంట్ ఎక్కి దీపస్తంభానికి గుద్దుకుంది. వెనక సీట్లో పిల్లకి కుడి చెయ్యి రెండుచోట్ల విరిగింది. ఎడం చేత్తో తల్లి ఫోన్ తీసి ఎమర్జెన్సీ నంబరు 911కి చేసింది. అంబులెన్సు వాళ్ళు వచ్చేసరికి సీట్ల మధ్యలోంచి ముందుకి పాకి, తల్లి పెదాల మధ్య జ్యూస్ స్ట్రా పెట్టి, తాగమని బతిమాలుతోందని అంబులెన్సు మనిషి రాశాడు. నేను బాత్రూంలోకి వెళ్ళి తలుపేసుకున్నాను. చెయ్యి ఇంకా చుర్రుమంటోంది. సబ్బు పెట్టి కడుక్కున్నాను, ఎందుకో నాకే తెలియదు.

కవరు పేజీ పెట్టి ఫాక్స్ చేసింది నేనే. రెండంటే రెండు రోజుల్లో అనుమతి వచ్చేసింది. ఏ పేజీ మసగ్గా లేదు. ఏ ఫాక్సూ దారి తప్పలేదు. 'తీవ్ర సంఘటన రికార్డయినందున అర్హత నిరూపితమైనది.' అర్హత! నిన్నా మొన్నటిది కాదు, పన్నెండో ఏటినుంచీ ఉన్న జబ్బు. సెన్సరు అంకెలు, డాక్టరు మాట, తల్లి మాట ఏవీ చాలలేదు. పిల్ల చెయ్యి విరిగితే చాలింది. ఆ ఎముకల డాక్టరుకి చివరికి తనకి అర్థమయ్యే రిపోర్టు ఒకటి వెళ్ళింది.

ఎవరి మీద పడాలి నా కోపం? ఫోనెత్తే పిల్లలు గంట జీతానికి స్క్రీను చదువుతారు. ఆ డాక్టరు గైడ్‌లైన్ చదివాడు. గైడ్‌లైన్ రాసినవాళ్ళు ఎవరో మనకి కనబడరు. కానీ పిల్లలూ, ఒకటి గుర్తుపెట్టుకోండి. ఎవరూ తప్పు చెయ్యలేదంటే తప్పు జరగలేదని కాదు. అడిగినప్పుడు ఇవ్వవలసింది, ప్రమాదం జరిగాక ఇచ్చారు. దాన్ని అనుమతి అనడానికి ఇప్పటికీ నాకు నోరు రాదు.

మే నెలలో ఒక ఆదివారం పాస్టరు గారు సాక్ష్యాలకి పిలిచారు. ఆ అమ్మాయి ముందుకి వెళ్ళింది. నడుముకి చిన్న పంపు, పక్కన కట్టు చేత్తో కూతురు. "ఆ యాక్సిడెంట్‌ని కూడా దేవుడు మేలుకే వాడుకున్నాడు," అంది. "ఆంటీ వాళ్ళందరూ నాకోసం ఉపవాసం ఉన్నారు. ఆ ప్రార్థన ఊరికే పోలేదు. పంపు వచ్చింది. దేవునికి స్తోత్రం." చర్చి అంతా ఆమేన్ అంది. చాలామంది వెనక్కి తిరిగి నావైపు చూసి నవ్వారు. పుట్టి బుద్ధెరిగిన దగ్గరనుంచీ సాక్ష్యానికి నేను ఆమేన్ అననిది ఆ ఒక్కసారే.

భోజనాల దగ్గర ఆ అమ్మాయి నా పక్కకొచ్చి, "ఆంటీ, మీకు కోపం వచ్చిందా?" అని అడిగింది.

"పంపు ఇవ్వడానికి పసిదాని చెయ్యి విరగ్గొట్టే దేవుణ్ణి నేనెరగను," అన్నాను. గొంతు పెరిగింది. "అట్టాంటి పని చేసేవాళ్ళని మాత్రం ఎరుగుదును. వాళ్ళకి నాలుగు నెలలు ఫాక్సులు చేశాను. వాళ్ళు చేసింది తీసుకెళ్ళి ఆయన ఖాతాలో వెయ్యకు. ఇంకోటి. నిన్ను పస్తుండమంది దేవుడు కాదు. నేను."

"అట్టా అనకండాంటీ. నేనేగా ఉన్నాను," అంటూ నా చెయ్యి పట్టుకుంది. బిర్యానీ వడ్డించేవాళ్ళు మావైపే చూస్తున్నారు. తప్పు చేసినదాన్ని, అన్యాయం జరిగిన మనిషే ఓదారుస్తోంది.

అంతలో ఎవరో పిలిస్తే ఆ అమ్మాయి హాలు అవతలకి, కిచెన్‌లోకి వెళ్ళింది. కూతురు వెంట వెళ్ళలేదు. నా దగ్గరే ఉండిపోయింది. నాకు అప్పుడు వెలగలేదు గానీ, తల్లి కనుచూపు దాటితే ఆ పిల్ల కదలకుండా ఉండటం నేను అదే మొదటిసారి చూడటం. భుజాన గులాబీ రంగు బ్యాగు లేదు.

"బ్యాగేదే?" అన్నాను.

"ఇంట్లో ఉంది ఆంటీ. అందులో జ్యూస్ బాక్సెస్ ఉండేవి. ఇప్పుడు పంప్ వింటుంది కదా. నేను వినక్కర్లేదు."

కట్టు మీద స్నేహితులు సంతకాలు చేశారు. ఎక్కడో ఇంకాస్త చోటుంది. నా చేతికి మార్కర్ ఇచ్చి సంతకం చెయ్యమంది. మూత పెట్టి తిరిగి ఇచ్చేశాను. ఆ పందొమ్మిదేళ్ళలో నేను సంతకం పెట్టలేకపోయిన కాగితం అదొక్కటే.

పిల్ల నా చెవి దగ్గరికి వంగి, రహస్యం చెప్పినట్టు చెప్పింది. "ఆంటీ, you know what? సాటర్‌డే మీ ఇంట్లో స్లీప్‌ఓవర్ పెడితే నేను వస్తా. నా స్లీపింగ్ బ్యాగ్ ట్యాగ్ తీసేశా."